కుక్కుటపోషణమున క్రొత్త త్రోవ తీసిన గృహిణి: సెసీలు స్టీలమ్మగారి జీవితము



మన సంఘ వార్షిక మహాసభా సంచికకు ప్రతివత్సరము నొక ప్రసిద్ధవ్యక్తి జీవితమును వ్రాసి యిచ్చుట మాకు వాడుక యైనది. ఇంతకుముందు మేము పండితులను, దాతలను, సంస్కర్తలను గూర్చి వ్రాసియుంటిమి. ఈ వత్సరము మే మెన్నుకొనిన వ్యక్తి పండితురాలు గాదు, రాణి గాదు, మన దేశమున బుట్టినదియు గాదు. అమెరికాదేశమున డెలవేరు రాష్ట్రపు సముద్రతీరమందలి యొక చిన్న గ్రామములో కోళ్లు పెంచి జీవించిన గృహిణి. ఆమె పేరు సెసీలు స్టీలు. మన పెద్దలు అనీ బిసెంటుగారిని బిసెంటమ్మ యని పిలిచిరి గదా! ఆ మర్యాదనే పాటించి మేము నీమెను సెసీలమ్మగారని పిలిచెదము.

కోళ్లు పెంచిన స్త్రీ చరిత్రముతో మన సభకు బని యేమని కొందరు చదువరులు నవ్వవచ్చును. నవ్వుటకు ముందు తమ యూరి పొలిమేర దాటి నాలుగుమైళ్లు పోయి చూడవలయునని మా మనవి. త్రోవప్రక్కల పొడవైన రేకుల షెడ్లు కానవచ్చును. వానిలో వేలకొలది తెల్లని కోళ్లు దాణా తినుచు నలుబది దినములలో బరువెక్కి లారీలలో పట్టణములకు బోవుచున్నవి. ఆ షెడ్లలో గొన్ని మన కులమువారి బిడ్డలు పొలము తాకట్టుపెట్టి వేసినవే. ఇంత పెద్ద వ్యాపారమునకు మొలక సెసీలమ్మగారి పెరటిలో వేసినది. ఆ మొలక యెట్లు పుట్టెనో, దాని ఫలము మొదట నెవరికి దక్కెనో, పిదప నెవరి చేతిలోనికి బోయెనో తెలిసికొనుట మన పిల్లల యప్పుపత్రములపై సంతకము చేయబోవు తండ్రులకు మిక్కిలి యవసరము. అందులకే యీ వ్యాసము.

కౌటిల్యుడు తన యర్థశాస్త్రమున కృషి, పాశుపాల్యము, వాణిజ్యము అను మూటిని గలిపి వార్త యని పేరు పెట్టెను. ఈ కోళ్ల వ్యాపారమున నా మూడును గలిసియున్నవి. దాణాకు వలయు మొక్కజొన్న కృషి; కోడిని పెంచుట పోషణము; అమ్ముట వాణిజ్యము. మూడింటిలో నేది తన చేత నున్నదో యెరుగని రైతు మూడింటను నష్టపడును. ఇక మాంసభక్షణము తగునా తగదా యను విచారణ వేరు. అది యెవరి యాచారమునకు వారు చేసికొనవలసినది. ఇచ్చట మేము జీవనోపాధిని గూర్చి మాత్రమే వ్రాయుచున్నాము.

సెసీలమ్మగారు 1900 సంవత్సరమున జన్మించెను. ఆమె పుట్టింటి పేరు లాంగు. భర్త విల్మరు స్టీలు. ఆయన సముద్రములో నాపద జిక్కిన నావలను, మనుష్యులను రక్షించు తీరరక్షక దళమున నుద్యోగి. వారి కాపురము డెలవేరు రాష్ట్రమున ససెక్సు జిల్లాలోని ఓషను వ్యూ అను గ్రామములో. ఆ ప్రాంతము ఇసుకనేల. మిక్కిలి సిరిగల దేశమైనను ఆ మూల రైతులు సామాన్యులు. స్ట్రాబెరీ పండ్లను, కూరగాయలను పండించి యుత్తరమునందలి నగరములకు పంపుచుండిరి. పండ్లకాలము గడచినచో చేతిలోనికి రొక్కము వచ్చు మార్గము తక్కువ. భర్త జీతమునకు చేదోడుగా సెసీలమ్మగారు కొన్ని పెట్టలను పెంచి గుడ్లమ్ముకొనుచుండెను. మన పల్లెలలో నిల్లాలు పాడిగేదెను పెట్టుకొని పాలచుక్క యమ్మినట్టిదే యది.

ఆ కాలమున కోడిమాంసమున కిప్పటివలె ప్రత్యేకమైన పెంపకము వ్యాప్తిలో లేదని చదువరులు గమనింపవలెను. మన తెలుగుదేశమున పుంజు పల్నాటి వీరుల కథ మొదలుకొని సంక్రాంతి పందెముల వరకు పౌరుషమునకు ప్రసిద్ధి. పెట్ట పెరటిలో గింజలేరుకొని పొదిగి పిల్లలను దిప్పుకొనునది. చుట్టము వచ్చినపుడో, పండుగనాడో దానిని గోయుదురు. అమెరికాలోను నించుమించుగా నదియే స్థితి. కోడి గుడ్లకొరకు. గుడ్లు పెట్టుట మానిన ముసలిపెట్టయు, గుడ్లు పెట్టలేని పుంజుపిల్లయు మాంసమునకు. అనగా మాంసము గుడ్ల వ్యాపారమున మిగిలిన తాలు వంటిది. అందుచేత లేతకోడి యేడాది పొడుగున దొరకెడిది కాదు. దొరకినపుడు ధర హెచ్చు. నేడు బీదల కూరగా నెంచబడు కోడి యానాడు ధనికుల విందుభోజనము.

1923వ సంవత్సరమున సెసీలమ్మగారు చచ్చిపోయిన పెట్టలకు బదులుగా క్రొత్తవానిని సమకూర్చుకొనుటకై సమీపమందలి హేచరీకి, అనగా యంత్రములతో గుడ్లు పొదిగించు శాలకు, 50 పిల్లలు కావలెనని కబురుచేసెను. ఆ శాలవారు పొరపాటున 500 పిల్లలను పంపిరి. లెక్కలో నొక సున్న యెక్కువ పడినది. మా యుద్యోగకాలమున నొక్క సున్న తప్పు వ్రాసిన బాలుని బల్లపై నిలువబెట్టిన దినములు మాకు జ్ఞప్తికి వచ్చుచున్నవి. ఇచ్చట నొక్క సున్న తప్పుచే నొక దేశపు భోజనమే మారినది.

మరియొకరైనచో నాలుగువందల యేబది పిల్లలను తిప్పి పంపియుందురు. సెసీలమ్మగారు పంపలేదు. ఇంట నున్న ఖాళీ పియానోపెట్టెలో వానిని దాచి, కలప వర్తకునిచేత 16 అడుగుల పొడవు, 16 అడుగుల వెడల్పు గల చిన్న కొయ్యషెడ్డు వేయించెను. నడుమ బొగ్గుపొయ్యి పెట్టి వెచ్చదనము గల్పించెను. గుడ్లకొరకు గాక మాంసమునకే వానిని పెంచి యమ్మ నిశ్చయించెను. దైవికముగా వచ్చిన దానిని బుద్ధిపూర్వకమైన కార్యముగా మార్చుట యిందే యున్నది. పొరపాటు హేచరీవారిది, నిశ్చయ మామెది. చరిత్ర చెప్పువారు పొరపాటునే ముచ్చటించి నిశ్చయమును మరచుట న్యాయము గాదు.

పదునెనిమిది వారములు పెంచిన పిదప 387 కోళ్లు మిగిలెను. తక్కినవి చనిపోయెను. అనగా నూటికి ఇరువదిరెండు మించి నష్టము. మిగిలినవి యొక్కొక్కటి రెండు పౌనులు, ఆపై కొంచెము తూగెను. పౌనొకటికి 62 సెంట్ల చొప్పున నమ్ముడుపోయెను. మొత్తము రాబడి సుమారు 500 డాలర్లు. ఆనాటి పల్లెటూరి సంసారమునకు నది స్వల్పమైన సొమ్ము గాదు.

ఈ లెక్కను చదువరులొకసారి నిదానించి చూడవలెను. నేటి రైతు షెడ్డులో నూటి కైదు కోళ్లు చనిపోయిన తల పట్టుకొని కూర్చుండును. సెసీలమ్మగారికి నూటి కిరువదిరెండు పోయినను లాభమే వచ్చినది. నేటి కోడి నలుబది దినములలో రెండుకిలోలు దాటును; ఆమె కోడి నూటయిరువదియారు దినములకు నొక కిలో మాత్రమే. 1925 ప్రాంతమున అమెరికాలో పౌను కోడికి 4.7 పౌనుల దాణా పట్టెడిది. నేడు కిలో కోడికి కిలోన్నర, ఆపై కొంచెము. పెంపకపు నేర్పున, పిల్ల వంశమున, దాణా గుణమున ప్రతి విషయమునను నేటి రైతు ఆమెకంటె మిన్న. అయినను లాభ మామెకు గలిగెను. కారణ మేమి? అమ్ముడుధర. లేతకోడి యరుదైన కాలమున నామె లేతకోళ్లను సిద్ధము చేసెను. షెడ్డు ఆమెది, పిల్లలు ఆమెవి, దాణా యామె కొన్నది, అమ్మకము ఆమె చేసినది. నష్టమైన నామెదే, లాభమైన నామెదే. ఈ నాలుగు మాటలను చదువరులు జ్ఞాపకముంచుకొందురు గాక. ముందు వీనితో బని గలదు.

మరుసటి సంవత్సరమున నామె వేయి పిల్లలను దెప్పించెను. మూడేండ్లు గడచునప్పటికి పదివేల కోళ్లకు చాలిన షెడ్లు వెలసెను. పిదప నవి యిరువదియైదువేలకు బెరిగెను. విల్మరుగారు తీరరక్షకదళపు కొలువు విడిచి భార్యకు దోడు నిలిచెను. భార్య యారంభించిన వ్యాపారమున భర్త చేరుట ఆనాడు అమెరికాలోను నంతగా వాడుకలో నున్నది గాదు. ఐకు లాంగు అను నొకడు కోళ్ల సంరక్షణ చూచుచుండెను. 1925 ప్రాంతమున దీసిన ఛాయాచిత్ర మొకటి నేటికిని గలదు. అందు వరుసగా నిలిచిన చిన్నషెడ్ల ముందర కోళ్లగుంపు నడుమ నతడును, స్టీలుదంపతుల పిల్లలును నిలిచియున్నారు.

ఇరుగుపొరుగువారు చూచిరి. చూచినవారు ఊరకుండిరా? ఒకరి పొలమున వేరుసెనగ లాభించిన మరుసటేడు ఊరంతయు వేరుసెనగయే వేయుట మనమెరిగినదే. కొలది యేండ్లలో వందలకొలది రైతులు మాంసపుకోళ్లు పెంచనారంభించిరి. ఆ లేతకోళ్లకు నిప్పులపై గాల్చి తినుటకు దగినవి యను నర్థమున బ్రాయిలరు లని పేరు.

ఆ వ్యాపార మాచోటనే వేళ్లూనుటకు గొన్ని కారణములు గలవు. మొదటిది త్రోవ. 1920 దశాబ్దమున డెలవేరు రాష్ట్రము నిడివి యంతయు చక్కని రాజమార్గ మేర్పడి, సాయంకాలము లారీ కెక్కిన కోడి తెల్లవారునప్పటికి ఫిలడెల్ఫియా, న్యూయార్కు నగరములను జేరుట సాధ్యమైనది. రెండవది కొనువారు. న్యూయార్కునందు లక్షలకొలది యూదులుండిరి. వారు తమ ధర్మానుసారముగా వధింపబడిన మాంసమునే భుజింతురు గాన, ప్రాణముతో నున్న కోళ్లకు నచ్చట నెడతెగని గిరాకి యుండెను. మూడవది శాస్త్రము. ఎండ తగులని కోడిపిల్లలకు కాళ్లు వంకరపోయెడివి. 1920 దశాబ్దారంభమున విటమిను డి గుణము తెలియవచ్చి, కాడు చేపల కాలేయపు నూనెను దాణాలో గలిపిన నా జబ్బు రాదని తేలెను. అంతట చలికాలమునను నాలుగుగోడల నడుమ కోళ్లను బెంచుట సాధ్యమైనది. నాల్గవది నేల. ఇసుకనేలలో తేమ నిలువదు. సముద్రపు గాలిచే చలి మితముగా నుండును. షెడ్డు కట్టుటకు కొయ్య చవుక. ఇట్లు దేశము, కాలము, మార్గము, శాస్త్రము నాలుగును గూడిన చోట నొక గృహిణి నిశ్చయము తోడైనది.

1929 నుండి అమెరికాలో ఘోరమైన యార్థికమాంద్యము వచ్చినను, కోళ్ల పెంపకము తగ్గక పెరుగుచునే వచ్చెను. గింజల ధర పడిపోవుటచే దాణా చవుకయైనది. పండ్లపైర్లలో నష్టపడిన రైతులు కోళ్లవైపు మరలిరి. 1934లో నాదేశమంతట 3 కోట్ల 40 లక్షల బ్రాయిలరు కోళ్లు పెంపబడెను. అయితే నష్టపడి వచ్చిన రైతు చేతిలో రొక్కమెక్కడిది? దాణా వర్తకులు దాణాను అప్పుగా నిచ్చి, కోళ్లమ్మిన పిదప తీసికొనసాగిరి. సెసీలమ్మగారు చేతిడబ్బుతోను, సొంత నష్టభయముతోను మొదలుపెట్టిన వ్యాపారమున అప్పు ప్రవేశించుట యిదియే ప్రారంభము. నాడది యుపకారముగానే కనబడినది. కొంతవరకుపకారమే యైనది గూడ.

స్టీలుదంపతులు మాత్రము వృద్ధిజెందిరి. విల్మరుగారు రాష్ట్రశాసనసభలో సెనేటరుగా నెన్నుకొనబడెను. పెరటిషెడ్డుతో మొదలైన సంసారము పెద్దమనుష్యుల వరుసలో నిలిచినది. సంపద గలిగిన పిదప సముద్రవిహారమునకై నొక మోటారునౌకయు గొనిరి. ఆ నౌకయే వారికి మృత్యువైనది. 1940 అక్టోబరు మాసమున మేరీలాండు రాష్ట్రమందలి ఓషను సిటీ సమీపమున నా నౌక ప్రేలి, దంపతు లిరువురును మృతినొందిరి. సెసీలమ్మగారి కప్పటికి నలుబది యేండ్లే. సముద్రమున జిక్కినవారిని రక్షించు నుద్యోగము చేసినవాడే సముద్రముపై నట్లు గతించుట విధివిలాసము గాక మరేమి!

ఆమె మరణించిన నాటికి వ్యాపార మింకను బాల్యమందే యున్నది. అటుపిమ్మటి కథను క్లుప్తముగా జెప్పెదము. ఏలయన నదియే మనకు మిక్కిలి సంబంధించినది.

రెండవ ప్రపంచయుద్ధమున అమెరికా ప్రభుత్వము ఆ ప్రాంతపు కోళ్లను సైన్యమునకై కొనివేయగా, నగరములలో నేర్పడిన కొరతను దక్షిణమున జార్జియా మొదలగు రాష్ట్రములవారు దీర్చసాగిరి. జార్జియాలోని గెయిన్సువిల్లు పట్టణమున జెస్సీ జ్యుయెలు అను దాణావర్తకు డుండెను. ఆయన మాంద్యకాలమందే చేత డబ్బులేని రైతులకు కోడిపిల్లలను, దాణాను తానే యప్పుగా నిచ్చి, పెరిగిన కోళ్లను తానే కొని యమ్ముచుండెను. పిదప 1940 ప్రాంతమున సొంత హేచరీని, ఆ వెనుక కోళ్లను గోసి శుభ్రపరచు కర్మాగారమును, కడకు దాణామిల్లును స్థాపించెను. ఇట్లు గుడ్డు మొదలుకొని పళ్లెమువరకు మెట్లన్నియు నొక్క యజమానుని క్రిందికి వచ్చినవి. రైతు వంతుకు రెండే మిగిలినవి: షెడ్డు, కష్టము.

1945 మొదలు అమెరికాలో మేలైన మాంసపుకోడి వంశమునకై పెద్దపోటీలు నడచినవి. 1948లో తుదిపోటీ సెసీలమ్మగారి ససెక్సు జిల్లాలోని జార్జిటౌనులోనే జరిగెను. కాలిఫోర్నియా వాడైన చార్లెసు వాంట్రెసు పెంచిన సంకరజాతి కోడి గెలిచెను. విశాలమైన రొమ్ము, శీఘ్రమైన పెరుగుదల గల నేటి కోడికి పూర్వికులు ఆ పోటీనాటివే. సంకరజాతి పిల్లలయందు తల్లిదండ్రుల గుణము మరుతరమున నిలువదు. కావున రైతు తన కోళ్లను దానే పొదిగించుకొన వీలులేదు. ప్రతి దఫాకు పిల్లలను గొనవలసినదే. విత్తనము చేయిదాటినట్లు పిల్లయు రైతు చేయిదాటినది.

1950 నాటికి అమెరికాలో 63 కోట్ల కోళ్లు పెరిగెను. 2020లో 900 కోట్లు దాటెను. రైతుకు వచ్చు ధరయో, సెసీలమ్మగారి 62 సెంట్లనుండి 1961 నాటికి పౌనుకు 15 సెంట్లకు లోబడెను. రూపాయి విలువవలెనే డాలరు విలువయు నీమధ్య తగ్గినదని తలచిన, పతనమింకను పెద్దది. తినువానికి మేలు కలిగినది. ధనికుని విందు బీదవాని పళ్లెములోనికి వచ్చినది. దానిని మేము కాదనము. ఆకలిగొన్న బిడ్డకు మాంసకృత్తులు చవుకగా దొరకుట పుణ్యమే. కాని దాణా పొదుపుచేసిన నేర్పు, దినములు తగ్గించిన శాస్త్రము, చావులు తగ్గించిన వైద్యము, వీని ఫలములో నధికభాగము తినువానికిని, పిల్లను దాణాను చేతబట్టుకొన్న సంస్థకును బోయినది. పెంచినవానికి మిగిలినది స్వల్పము. ముందు వచ్చినవానికి ధర, వెనుక వచ్చినవానికి అప్పు: ఇదియే యీ వ్యాపారపు సూత్రము.

మన దేశమున కోళ్లపరిశ్రమను వ్యాపింపజేసినవారిలో నగ్రగణ్యుడు మన తెలుగువాడైన బండా వాసుదేవరావుగారు. ఆయన 1971లో వెంకటేశ్వర హేచరీస్ సంస్థను స్థాపించి, అమెరికాదేశపు కాబ్ వంశపు మాంసపుకోళ్లను మన రైతులకందించెను. 1982లో దళారులు నిర్ణయించు ధరకే గుడ్లమ్ముకొను రైతులను గూడగట్టి, తమ గుడ్డు ధరను దామే ప్రకటించుకొనునట్లు జాతీయ గుడ్ల సమన్వయ సంఘమును నెలకొల్పుటలో ముందు నిలిచెను. 1996లో స్వర్గస్థుడయ్యెను. గుడ్ల విషయమున నట్లు కొంత రక్షణ యేర్పడినది. మాంసపుకోళ్ల విషయమునందో, 1990 దశాబ్దమున కోయంబత్తూరు ప్రాంతమునుండి జ్యుయెలుగారి పద్ధతియే మన దేశమున వ్యాపించి, క్రమముగా మన తెలుగుజిల్లాలకును వచ్చినది.

మా పూర్వశిష్యుడొకడు నిరుడు మా యింటికి వచ్చి తన కాగితముల కట్టను మా ముందుంచెను. చిన్ననాడు లెక్కలలో మంచి తెలివిగలవాడు. తండ్రిపొలమును బ్యాంకున బెట్టి షెడ్డు వేసెను. పిల్లలను, దాణాను, మందులను కంపెనీవారే పంపుదురు. పెరిగిన పిదప వారే పట్టుకొనిపోవుదురు. కిలోకింతయని పెంపకపు కూలి యిత్తురు. దాణా లెక్కకు మించిన కూలిలో కోత. కోళ్లెక్కువ చచ్చిన కోత. కోళ్లను తీసికొనిపోవుట నాలుగుదినము లాలస్యమైన, ఆ నాలుగుదినములు తిన్న దాణా యితని లెక్కలోనే పడును. ఒక దఫా పోయిన వెనుక మరుదఫా పిల్లలెన్నడు వచ్చునో చెప్పువారు లేరు. షెడ్డు ఖాళీగా నున్న దినములకు కూలి లేదు; బ్యాంకు వడ్డీకి మాత్రము ఖాళీదినమనునది లేదు. ఒప్పందము ఆంగ్లమున నున్నది. అతడు చదువకయే సంతకము చేసెను. పంచకావ్యములు చదివిన గురువు దానిని చదివి చెప్పవలసి వచ్చినది. మాకును కొన్నిచోట్ల బోధపడలేదు.

అయితే సొంతముగా పెంచి యమ్ముకొను రైతు సుఖియా యన్నచో, నదియు గాదు. 2020 ఆరంభమున కోడి తినినచో కరోనా వ్యాధి వచ్చునను వట్టి వదంతి పుట్టి కోళ్ల ధర పాతాళమునకు బడెను. ఫిబ్రవరి మాసమున హైదరాబాదులో మంత్రులు బహిరంగసభలో కోడిమాంసము తిని చూపవలసివచ్చినది. దాణా పెట్టలేక కోళ్లను ఊరక పంచిపెట్టిన రైతు లెందరో. ఆ కష్టకాలమున కంపెనీకి పెంచువాడు ధర పడిన నష్టమును భరింపలేదు. షెడ్డు ఖాళీపడిన నష్టమును భరించెను. కావున నొప్పందము చెడ్డదనియు, స్వతంత్రము మంచిదనియు మేము తీర్పు చెప్పుట లేదు. ఎవరు ఏ నష్టమును మోయుచున్నారో ముందుగా తెలిసికొనుడని మాత్రమే చెప్పుచున్నాము.

ఇప్పుడు సెసీలమ్మగారి నాలుగు మాటలను మరల జ్ఞప్తికి దెచ్చుకొందము. షెడ్డు ఎవరిది? పిల్ల యెవరిది? దాణా యెవరిది? అమ్మకము ఎవరిది? ఆమె విషయమున నాలుగింటికిని సమాధానమొక్కటే. నేటి మన బిడ్డ విషయమున మొదటిదాని కొక్కదానికే తనదని సమాధానము. ఆ షెడ్డును బ్యాంకువారి దస్తావేజులో నున్నది. కోడి పెంపకపు ఖర్చులో నూటికి అరువది డెబ్బదివంతులు దాణాయే. ఆ దాణా ధర యెవరిచేతిలో నున్నదో వారిచేతనే వ్యాపారముండును. మొక్కజొన్న పండించువారు మనలోనే యున్నారు; కోళ్లు పెంచువారును మనలోనే యున్నారు; నడుమనున్న దాణామిల్లు మాత్రము మనది గాదు. ఈ వింతను మన సంఘము ఆలోచింపవలదా?

పోషక మహాశయులకు మా విన్నపములు మూడు. షెడ్డు వేయదలచిన సభ్యునికి, సంతకమునకు ముందుగా, నొప్పందమును తెలుగున జదివి వినిపించి తాత్పర్యము చెప్పు న్యాయవాది నొకరిని సంఘము తరఫున నేర్పరుపవలెను. లాభమును లెక్కించునపుడు సంవత్సరమునకు దఫాలెన్నియని గాక, ఖాళీదినము లెన్నియని మన పిల్లలకు నేర్పవలెను. ఒక్కొక్క తాలూకాలో పెంపకందారులు గుమిగూడి తూకము, దాణా సంచుల లెక్క, కూలి చెల్లింపు వీనిని గూర్చి కంపెనీవారితో నొక్కమాటగా మాటాడునట్లు చేయవలెను. విడివిడిగా నున్న పుల్లను ఎవరైనను విరుతురు, కట్టను విరువలేరు.

మరియొక మాట. లెక్క వ్రాయుపనిని ఇల్లాండ్రకు అప్పగింపుడు. చచ్చిన కోడిని మగవాడు మరచును, ఆడుది మరువదు. సెసీలమ్మగారి 387 కోళ్లను నూరేండ్లు గడచిన పిదప నేడును మనము చెప్పుకొనగలుగుట చచ్చినవానిని, బ్రతికినవానిని లెక్కపెట్టుటవలననే గదా!

ఆ మొదటి 16 అడుగుల కొయ్యషెడ్డును డెలవేరు విశ్వవిద్యాలయమువారు జార్జిటౌనులోని తమ వ్యవసాయపరిశోధనా కేంద్రమునకు దరలించి కాపాడుచున్నారు. 1974లో దానిని అమెరికా ప్రభుత్వము తమ జాతీయ చారిత్రక స్థలముల పట్టికలో జేర్చినది. రాజుల కోటలు, దేవాలయములు చేరు పట్టికలో నొక కోళ్లగూడు చేరుట మాకు మిక్కిలి సంతసము గలిగించినది. కష్టించు గృహిణి చేతిపనికి దక్కవలసిన గౌరవమది.

ఆ షెడ్డు చిన్నది. కాని యది యామె సొంతము. మన బిడ్డల షెడ్లు పెద్దవి. అవియు వారి సొంతమగు దినము త్వరలో వచ్చునుగాక యని భగవంతుని ప్రార్థించి, తప్పులను మన్నింప గోరుచు విరమించుచున్నాము.

సర్వే జనాః సుఖినో భవంతు.